లేచే మనిషికి అంగీ

తిబుర్జియో ఎర్రమన్ను నూరడం ఆపి, మోకాలు పట్టుకుని లేచాడు. తెల్లవారుజాము గంట మోగకముందే నూరుడుబండ ముందు కూర్చోవడం అతనికి యాభై ఏళ్ల అలవాటు. రంగులు చిప్పల్లో పోసి, చిప్పలు గంపలో సర్దుకుని కొండవీధి ఎక్కాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే మధ్యమధ్య గోడలు పట్టుకుని ఆగాడు. అరవై ఆరేళ్ల మనిషి. వేళ్లు వంకర్లు పోయాయి. సున్నం ఘాటుకు రెప్పలు ఎర్రబడి, ఎప్పుడు చూసినా ఏడ్చి వచ్చినట్టుంటాడు. ఇవాళ మాత్రం ఏడుపు కాదు, కడుపుమంట.

మండదూ మరి? పోయిన నెల బిషప్పు పంపిన తనిఖీ అధికారి ఊళ్లోకి వచ్చాడు. చర్చిలో గిన్నెలు చూశాడు, కొవ్వొత్తులు చూశాడు. గోడ మీది అంతిమ తీర్పు బొమ్మ ముందు ఒక్క క్షణం నిలబడి మూతి ముడుచుకున్నాడు. సమాధిలోంచి లేస్తున్న మనిషి ఒంటి మీద నూలుపోగు లేదట. బట్ట కప్పాలని కాగితం రాయించి, భోజనానికి పక్క ఊరు వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఈ ఊరు ఆ బొమ్మ కిందే పెళ్లిళ్లు చేసుకుంది, శవాలను దించుకుని ఏడ్చింది. ఒక్క ఆడమనిషైనా కళ్లు మూసుకోలేదు. ఇప్పుడు వచ్చిందట సిగ్గు, అదీ కాగితం మీద. చచ్చినవాళ్లు బట్టలు కట్టుకుని లేస్తారని ఎక్కడ రాసి ఉందో ఆ పెద్దమనిషి చెప్పలేదు.

పైగా వేసిన చేత్తోనే కప్పాలి. వేరేవాడైతే పాడుచేస్తాడని చర్చి ఫాదరు దోన్ ఉబాల్దో బతిమాలాడు. అది మర్యాద అనుకున్నాడు కాబోలు.

తిబుర్జియో బతుకంతా బట్టలే. పదిహేనో ఏట ఫ్లోరెన్సులో ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర పనికి కుదిరాడు. గురువు ముఖాలు వేసేవాడు, ఒళ్లు వేసేవాడు, కింద తన పేరు వేసుకునేవాడు. దొరల మేడల కప్పుల మీద ఎగిరే దేవకన్యల పట్టుబట్టలన్నీ, మడత మడతా, తిబుర్జియోవి. ఇరవై ఏళ్లు అదే పని. ఒక్క మనిషిని మొత్తంగా వేస్తానంటే, బట్ట కట్టడం వచ్చినవాడికి మనిషెందుకురా అని గురువు నవ్వేవాడు. ఆయన పోయాక సొంత ఊరొచ్చి ఈ గోడ మీద పద్నాలుగు మందిని వేశాడు. పదమూడు మంది గురువు నమూనాలే. పద్నాలుగోవాడొక్కడే ప్రాణమున్న మనిషిని ఎదురుగా నిలబెట్టి వేసినవాడు. ఆ మనిషి తాపీమేస్త్రి వన్నీ. అప్పుడు ఇరవై ఆరేళ్ల పడుచువాడు, బరువంతా ఒంటిచేతి మీద మోపి సమాధిలోంచి లేస్తున్నాడు. నడుము కాస్త పొడుగు, మెడ కాస్త పొడుగు. ఆ రోజుల్లో అదే అందం. మొన్న బొలోన్యా నుంచి వచ్చిన కుర్ర చిత్రకారుడొకడు చూసి, పాములా ఉన్నాడని నవ్వి పోయాడు. నవ్వనీ. ఇది నాదీ అని చెప్పుకోవడానికి తిబుర్జియోకి భూమ్మీద ఉన్నది వాడొక్కడే.

ఆరిన గోడ మీద గుడ్డుసొన రంగుతో అంగీ వేసేస్తానన్నాడు మొదట. తడిగుడ్డతో తుడిస్తే పోయే రంగు అది. దోన్ ఉబాల్దోకీ తెలుసు కనుక కుదరదన్నాడు. పచ్చి సున్నం మీదే వేయాలి. పచ్చి సున్నం పాత గోడను పట్టుకోవాలంటే ముందు పాత బొమ్మ నిండా ఉలితో గాట్లు పెట్టాలి. ఆ పని వన్నీది. గాట్లు పెట్టకుండా పూసెయ్, పదేళ్లకో ఇరవై ఏళ్లకో పెచ్చు ఊడి పడుతుంది, కిందివాడు బతుకుతాడు అని నిన్న సాయంత్రం తిబుర్జియో అతని గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. వన్నీ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"నీ బొమ్మ కోసం నా గోడ రాలిపోవాలా? నేను పూసింది ఒక్క పెచ్చు ఊడిందని ఈ ఊళ్లో ఎవడైనా అన్నాడా ఇప్పటిదాకా?"

"నిన్ను నువ్వే పొడుచుకుంటావురా? ఆ ఒళ్లు నీది."

"ఆ ఒళ్లు నాకిప్పుడు లేదు. మిగిలింది పేరొక్కటే."

ఇవాళ చర్చిలోకి అడుగుపెట్టేసరికి వన్నీ పూత ముగించి తాపీ కడుక్కుంటున్నాడు. మెడ నుంచి సమాధి రాతి అంచు దాకా మనిషి లేడు. తడి సున్నం పైన తలొక్కటే మిగిలింది.

"గాట్లు పెట్టావా?"

"పని చూసుకో. ఆరిపోతోంది," అన్నాడు వన్నీ, మొహం ఇటు తిప్పకుండా.

తిబుర్జియో మళ్లీ అడగలేదు. పెట్టే ఉంటాడనుకున్నాడు. పళ్లు బిగించి పరంజా ఎక్కాడు. పూత తడిగా ఉన్నంతసేపే రంగు పట్టేది. పొద్దుగూకేలోగా రంగు పడని పూతను మేస్త్రి అప్పటికప్పుడు కోసి పారేస్తాడు. గట్టిపడితే అది ఎందుకూ పనికిరాదు.

గోనెసంచిలాంటి అంగీ వేసి ఆ తనిఖీవాడి మొహాన కొట్టాలని తిబుర్జియో పంతం. చెయ్యి వింటేనా! ఎర్రటి బట్ట భుజం మీంచి జారి, పక్కటెముకల మీద అతుక్కుని, నడుము దగ్గర మెలి తిరిగి దిగింది. ఆ ఒంట్లో ఎత్తుపల్లాలు అతనికి కంఠతా వచ్చు. మడత మడతకీ కింద మనిషి తెలుస్తున్నాడు.

మధ్యాహ్నం దోన్ ఉబాల్దో రొట్టె, ఉల్లిపాయ తెచ్చి ఇచ్చి, తలెత్తి చూసి, చాలా మర్యాదగా ఉందన్నాడు.

"ఇన్నేళ్లు దీని కిందే ప్రార్థన చేశారు కదా ఫాదర్. మీకెప్పుడైనా చెడ్డ ఆలోచన వచ్చిందా?"

ఫాదరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా అమ్మ పోయిన రోజు ఇక్కడే కూర్చున్నా. అమ్మ కూడా ఇలాగే లేస్తుందనుకున్నా."

"మరి ఆ ముక్క ఆ పెద్దమనిషితో అనడానికి నోరు రాలేదా?"

దోన్ ఉబాల్దో తల దించుకుని వెళ్లిపోయాడు. తిబుర్జియో రొట్టె ముట్టలేదు.

ఎండ పడమటి కిటికీలోకి వచ్చేసరికి అంగీ పూర్తయింది. సమాధి రాతిని నొక్కి పట్టిన చెయ్యొక్కటే మిగిలింది. తిబుర్జియో దానికి రంగు కలిపి, కాసేపు కూర్చుంటానన్నాడు. నీళ్లడిగాడు. వన్నీ బావికి వెళ్లి వచ్చేసరికి అతను పరంజా గుంజకు తల ఆనించి ఉన్నాడు, కళ్లు గోడ వైపే ఉన్నాయి. వన్నీ రెండుసార్లు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాక మూడోసారి పిలవలేదు.

అతని కళ్లు మూసి, పరంజా పలక మీద పడుకోబెట్టి, గుమ్మంలోకి వెళ్లి దారినపోయే మనిషితో ఫాదరుకు కబురు పంపాడు. తిరిగొచ్చాక చేయాల్సిన పని కనబడింది. తాపీ తీసుకుని, రంగు పడని పూతను అంగీ చివర నుంచి ఏటవాలుగా కోసి, తడిగుడ్డతో తుడిచాడు.

ముప్పై ఏళ్ల నాటి చెయ్యి బయటికొచ్చింది. బిగుసుకున్న కణుపులు, రాతికి నొక్కుకుని తెల్లబడ్డ గోళ్లు. దాని మీద ఒక్క గాటు లేదు.

"పొద్దున్నే చెప్పి చావాల్సింది," అన్నాడు వన్నీ, పడుకున్నవాడి పక్కన కూలబడి. "వెధవ పంతం. అడిగాడు కదా, చెప్పి చావాల్సింది."

దోన్ ఉబాల్దో పరంజా ఎక్కి వచ్చి ప్రార్థన ముగించి తలెత్తాడు. కొత్త అంగీ చేతిలోంచి పాత చెయ్యి, కింద గాటు పడని గోడ చూశాడు. విషయం అతనికి అర్థమైంది.

"దీన్ని కూడా కప్పమంటారా?" అన్నాడు వన్నీ, తాపీ చేతిలోనే పట్టుకుని.

"చెయ్యి గురించి కాగితంలో ఏమీ లేదు," అన్నాడు ఫాదరు. ఈసారి గొంతు తగ్గించలేదు.

ఇద్దరూ తిబుర్జియోను మోసుకుని కిందికి దిగారు. పరంజా మీద, ఆ చేతి కోసం కలిపిన చర్మపు రంగు చిప్పలో నిండుగా ఉంది, పక్కనే ఇంకా ముంచని సన్న కుంచె.