సింకు దగ్గర ఉండిపోయిన మాట

పొద్దున్నే ఆరింటికి లేవడం, టీ పెట్టుకోవడం, తుడుచుకునే గుడ్డ ఒకటి భుజాన వేసుకుని ప్రెస్సుకి వెళ్ళిపోవడం. ముప్పై రెండేళ్ళుగా సరే మావయ్య రోజు ఇలాగే మొదలవుతుంది. ప్రెస్సులో ఆయనది కటింగ్ మిషను. దాని పక్కనే కాయితాలు మడిచే మిషను. అది పొద్దుట మొదలెడితే సాయంత్రం దాకా దడదడలాడుతూనే ఉంటుంది. ఆ చప్పుడే ఏడాదికింత చొప్పున ఆయన చెవులు తినేసింది.

సరే మావయ్య అన్న పేరు కూడా ప్రెస్సు వాళ్ళు పెట్టిందే. ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడంతా చేతి సైగలే. ఎవరైనా ఏదైనా చూపించారంటే తల ఊపి ‘సరే’ అనాలి. ఒప్పుకున్నానని కాదు దానర్థం. నిన్ను చూశాను, నీ పని నువ్వు కానియ్యి అని. ప్రెస్సులో అందరికీ అలవాటే. కాకపోతే మిగతావాళ్ళు దాన్ని గేటు దగ్గర వదిలేసి వెళ్ళేవాళ్ళు. మావయ్య ఇంటికి పట్టుకెళ్ళాడు. భార్య ఏమన్నా సరే. కూతురు ఏమన్నా సరే. ‘ఏంటీ, మళ్ళీ చెప్పు’ అనడం ఆయనకి నామోషీ. చెవుడు అని ఒప్పుకోవడం కంటే తల ఊపడం తేలిక కదా!

ఆ తేలిక పనే ఆయన కొంప ముంచింది.

భార్య పోయి పదిహేను నెలలయింది. ఓ శనివారం పొద్దున్న గుండె పట్టుకుని కూలబడింది, ఆసుపత్రి గేటు దాటకుండానే పోయింది. ఆవిడ పోయిన వారానికి కూతురు తండ్రి ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదిలిస్తూ, ఒక్కో ముక్కా విడదీసి చెప్పింది.

“అమ్మ నాలుగు రోజుల ముందే వంటింట్లో నిన్నడిగింది నాన్నా, ఒంట్లో బాలేదు డాక్టరు దగ్గరికి వెళ్దామా అని. నువ్వు ఆదివారం దాకా ఆగమన్నావట. ఆ శనివారం పొద్దున ఆటోలో నాతో చెప్పింది.”

“నన్నా? నన్నెవరూ అడగలేదమ్మా! అడిగితే ఆగమంటానా?”

“అమ్మ అబద్ధం చెప్పిందా పోయేముందు?”

ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు లెక్కపెట్టుకునేటన్నే మిగిలాయి. వేళకి వండి పెట్టేది, బట్టలు ఇస్త్రీ చేసి పెట్టేది, మొహం మాత్రం చూసేది కాదు. ఆ అమ్మాయి చదువు ముగించి ఇప్పుడు రక్తపరీక్షల లాబ్‌లో పని చేస్తోంది. పొరుగూరి పెద్దాసుపత్రిలో ఉద్యోగం వెతుక్కుంది. వచ్చే నెల మొదట్లో చేరాలి. వెళ్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదని ఆయనకి తెలుసు. ఆ అమ్మాయి చెప్పలేదు, సూట్‌కేసులో అమ్మ ఫొటో కూడా సర్దుకోవడం చూసి ఆయనే గ్రహించాడు.

వెళ్ళేలోపు ఒక పని చేసింది. తండ్రిని చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది కానీ గట్టిది. రెండు చెవుల వెనకా చిక్కుడు గింజంత మిషన్లు తగిలించి, సన్నటి గొట్టాలు చెవుల్లోకి దూర్చింది.

“కొత్తలో అన్నీ పెద్దగా వినిపిస్తాయండీ. చెంచా కింద పడితే గుండె ఝల్లుమంటుంది. మీ గొంతు మీకే బిందెలోంచి వచ్చినట్టుంటుంది. మొదట రోజుకి రెండు గంటలు పెట్టుకోండి, తర్వాత నాలుగు, అలా పెంచుకుంటూ పోండి. చికాకేసి డ్రాయరులో పడేయకండి, అందరూ చేసే పని అదే.” అదే గొంతుతో ఇంకో మాట చేర్చింది. “పాత మాటల సంగతి తెలుసుగా? మీతో అన్నవి, మీ చెవిన పడనివి, ఎక్కడన్నవి అక్కడే ఉంటాయి. ఆ చోటికి వెళ్తే వినిపిస్తాయి. ఒక్కసారే. మీకు తప్ప ఎవరికీ వినిపించవు. మిషను పాడైందనుకుని నా దగ్గరికి పరిగెత్తుకు రాకండేం.”

“తెలుసండీ,” అంది కూతురు.

ఆ మాట అన్నప్పుడు తండ్రి వైపు చూసింది, చాలా రోజుల తర్వాత. ఆయనకి అర్థమైంది. వంటింట్లో ఆ మాట ఉంటే ఆయన వినలేదన్నట్టు. లేకపోతే విని, ఆగమని, ఇన్నాళ్ళూ బుకాయించినట్టు. ఇదీ పరీక్ష. ఆయనకి లోపల కాస్త ధైర్యమే వచ్చింది. నేను వినలేదు, ఆ సంగతి నాకు తెలుసు కదా, అక్కడ ఉండే తీరుతుంది అనుకున్నాడు. పాపం, అంతవరకే ఆలోచించాడు.

ఇంటికొచ్చి మిషన్లు పెట్టుకుంటే, అబ్బబ్బ, ఏం గోల! పేపరు తిప్పితే రేకులు చింపినట్టు. కుళాయి విప్పితే వరదొచ్చినట్టు. గోడ గడియారం కొడుతోందని కూడా ఆయనకి అప్పుడే తెలిసింది. చెవి దగ్గర చెయ్యి పెడితే కీచుమంటుంది. అరగంటకే తల వాచిపోయింది. పక్కింటి పిన్నిగారు చూడ్డానికొచ్చి గుమ్మంలోనే నవ్వింది.

“మా ఆయన పెట్టుకున్న రోజున, వరండాలో నేను ఇరవయ్యేళ్ళుగా తిట్టిన తిట్లన్నీ వరసబెట్టి వినేశాడు బాబూ. రెండు నెలలు నాతో మాట్లాడితే ఒట్టు!”

మావయ్య వంటింటి జోలికి పోలేదు. ముందు ముందుగది, తర్వాత పడగ్గది. రోజుకి రెండు గంటలు, చెప్పులు కూడా వేసుకోకుండా, మెల్లగా నడుస్తూ వెతికాడు. చెప్పుల స్టాండు దగ్గర ఆవిడ గొంతు దొరికింది. “గొడుగు మర్చిపోయారు. ఏవండీ! గొడుగు! నా ఖర్మ.” ఆయన అక్కడే చతికిలబడి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. ఎన్నేళ్ళయింది ఆ గొంతు విని! ఆఖరి ఆరేడేళ్ళూ ఆవిడ గొంతు ఆయనకి గోడవతల మనిషి గొణుగుడులాగే చేరేది. ఇంత స్పష్టంగా, చివర్లో కాస్త సాగదీస్తూ పలుకుతుందని మర్చేపోయాడు. మంచం పక్కన “కాస్త అటు జరగండి, బండరాయిలా పడుకున్నారు” అని ఉంది. కిటికీ దగ్గర “ఈ చీర బాగుందా?” అని ఉంది. దాని తర్వాత కాసేపాగి, “మీకేం చెప్పినా ఒకటే” అని కూడా ఉంది. బాగుందా అన్నదానికి తను సరే అని ఉంటాడు. సిగ్గుతో ఆయన మొహం కాలిపోయింది.

తొమ్మిదో రోజు నాలుగు గంటలు పెట్టుకునే రోజు. కూతురు బల్ల దగ్గర టీ తాగుతోంది. మావయ్య లేచి వంటింట్లోకి నడిచాడు. ఆ అమ్మాయి కప్పు కింద పెట్టేసింది.

పొయ్యి దగ్గర ఏమీ లేదు. అలమర దగ్గర రెండు పొడి మాటలు, అంతే. సింకు దగ్గరికి వచ్చేసరికి వినపడింది. గిన్నె తోముతూ, వెనక్కి తిరక్కుండా అన్నట్టుంది.

“ఏవండీ, రెండ్రోజుల్నుంచి ఎడం చెయ్యి లాగేస్తోంది. ఎదలో బరువుగా కూడా ఉంది. మందులషాపతను గ్యాసేలెమ్మని గులాబీరంగు బిళ్ళలిచ్చాడు, రుమాలు కొసకి కట్టుకున్నాను, తగ్గలేదు. ఇవాళ సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా? మీకు స్కూలు పుస్తకాల పని తెమలకపోతే ఆదివారం దాకా ఆగుతాను. ఆగనా? పిల్లకి చెప్పకండి, చదువుకుంటోంది.”

తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో తన ‘సరే’ ఉండాలి. అది అక్కడ లేదు, ఆవిడ విన్నది కదా, ఆవిడతోనే పోయింది. ఖాళీ తర్వాత ఆవిడ “అలాగే లెండి” అంది. కుళాయి కట్టేసింది.

మావయ్య సింకు అంచు పట్టుకుని నిలబడిపోయాడు. కూతురు గుమ్మంలోకి వచ్చింది.

“ఉందా?”

ఆయన విన్నది విన్నట్టు అప్పజెప్పాడు, ఒక్క ముక్క వదలకుండా. గులాబీరంగు బిళ్ళల దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆసుపత్రిలో అమ్మ రుమాలు ముడి విప్పింది తనే. ఆ బిళ్ళల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమైనా మందులు వేసుకుందా అని ఆ రోజు డాక్టరు కాయితం మీద రాసి చూపిస్తే తండ్రి లేదన్నాడు, ముందే విని ఉంటే అలా అనడు.

“నువ్వు వినలేదు,” అంది. “నిజంగానే వినలేదు నాన్నా! పదిహేను నెలలు నిన్ను...” వచ్చి తండ్రిని పట్టుకుని చిన్నపిల్లలా భోరుమంది.

ఆయన మాత్రం కూతుర్ని దగ్గరికి తీసుకోలేకపోయాడు. చేతులు సింకు మీదే ఉండిపోయాయి.

“వినలేదమ్మా. వినకుండానే సరే అన్నాను,” అన్నాడు. “ఒక్కసారి, ఏంటీ అని అడిగుంటే మీ అమ్మ ఇటు తిరిగి మళ్ళీ చెప్పేది. మొహం చూసినా తెలిసేది నాకు. అడగలేదు. మీ అమ్మని నేనే చంపుకున్నాను.”

“అలా అనకు నాన్నా.”

“ఇంకెలా అనమంటావు?”

ఇద్దరూ వంటింటి నేల మీదే కూర్చుని ఏడ్చారు. టీ చల్లారిపోయింది.

మర్నాడు సూట్‌కేసు ఖాళీ అయింది. అమ్మ ఫొటో మళ్ళీ ముందుగదిలోకి వచ్చింది. “నేనెక్కడికీ వెళ్ళను. సోమవారం ఫోన్ చేసి ఆ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను. నిన్నిలా వదిలేసి ఎలా వెళ్తాను?” అంది కూతురు. మధ్యాహ్నానికి బాక్సు కట్టిచ్చింది. మిషన్లలో బ్యాటరీలు ఎలా మార్చాలో ఓపిగ్గా నేర్పింది. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే, “కాళ్ళు కడుక్కుని రా నాన్నా” అన్న పిలుపు వినపడేది. ఆ పిలుపు కోసం మావయ్య వీధి మలుపు నుంచే నడక జోరు పెంచేవాడు. దుఃఖం తగ్గలేదు, కానీ ఆ దుఃఖంలో తోడు దొరికింది. ఆ వయసులో మనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

ఆదివారం మబ్బేసింది. బట్టలు తియ్యడానికి మావయ్య మిషన్లతోనే మేడమీదికి వెళ్ళాడు. దండెం రెండో కొస దగ్గర, దుప్పటి మడుస్తుంటే, భార్య గొంతు. ఎప్పటిదో, గొంతులో ఇంకా జబ్బు లేదు.

“మాటవరసకి అంటున్నానండీ. మా అమ్మ పోయాక మా నాన్నకి వండిపెడుతూ పదకొండేళ్ళు ఉండిపోయాను నేను. ఆయనేం ఉండమనలేదు, వెళ్ళమనీ అనలేదు. సంగీతం మాస్టారి దగ్గర చేరదామనుకున్నాను, చేరలేదు. రేపు నాకేమన్నా అయితే మన పిల్ల కూడా ఉండిపోతానంటుంది, దానికి నా బుద్ధే వచ్చింది. ఉండనివ్వకండి. ఏడ్చినా పంపించేయండి. వింటున్నారా?”

ఆవిడ పాడుతుందని ఆయనకి తెలియదు. ఇరవై ఏడేళ్ళ కాపురం, తెలియదు.

మావయ్య దుప్పటి గుండెలకి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఈ మాట ఆయన ఒక్కడికే వినపడింది. ఇక ఎవరికీ వినపడదు. విననట్టు ఉండటం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య, ఇంకోసారి ఉంటే పట్టుకునేవాళ్ళు లేరు. రేపు ఆ అమ్మాయి ఫోన్ చేసేస్తే చాలు, రోజూ సాయంత్రం ఆ పిలుపు తనదే. దేవుడా, ఎంత ఆశపడ్డాడో! సన్నగా చినుకులు మొదలయ్యేదాకా ఆశపడ్డాడు.

“విన్నానే,” అన్నాడు చివరికి, దండెం వైపు చూస్తూ.

కిందికి వచ్చి తడిసిన బట్టలు కుర్చీలో పడేశాడు.

“పైన అమ్మ ఏమన్నా అందా?” ఆశగా అడిగింది కూతురు.

“అంది. నీ గురించే. కూర్చో, చెప్తాను.”

చెప్పాడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, దెబ్బలాడింది, నీ మాటలే అమ్మ మాటలని చెప్తున్నావంది. సంగీతం మాస్టారి సంగతి వినగానే ఆగిపోయింది. స్నానాలగదిలో అమ్మ పాట తను చిన్నప్పుడు వినేది.

సోమవారం ఫోన్ చెయ్యలేదు. శుక్రవారం పొద్దున బస్టాండుకి తండ్రే సూట్‌కేసు మోశాడు. బస్టాండంటే హారన్లు, కేకలు, ఇంజన్లు. మిషన్లలో అదంతా ఒకేసారి వచ్చి పడుతుంటే ఆయన కణతలు నొప్పెట్టాయి, అయినా తియ్యలేదు. కూతురు కిటికీ పక్కన కూర్చుంది. బస్సు స్టార్టయ్యాక ఏదో అంది. పెదాలు కదిలాయి, ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆయన తల అలవాటు కొద్దీ కిందికి కదలబోయింది. పట్టి ఆపుకున్నాడు.

“వినపడలేదమ్మా! మళ్ళీ చెప్పు!”

అందరూ తిరిగి చూశారు. చూడనీ. బస్సు కదిలింది, కిటికీ ఊచ పట్టుకుని పక్కనే పరిగెత్తాడు. ఆ అమ్మాయి బయటికి వంగి, చెవి దగ్గరగా నోరు పెట్టి అరిచింది.

“వేళకి తిను అన్నాను నాన్నా! మందులు వేసుకో! చేరగానే ఫోన్ చేస్తాను! ఇంక చాలు, పడతావు, వదిలెయ్!”

అన్నీ విన్నాడు. వదిలేశాడు.

ఇంటికొచ్చి తలుపు తీసి, మిషన్లు చెవుల్లోనే ఉంచుకుని, గది గదికీ వెళ్ళి నిలబడ్డాడు. గడియారం కొడుతోంది. కూతురు నిలబడే పొయ్యి దగ్గర, కూర్చునే కుర్చీ దగ్గర, సాయంత్రం పిలుపు పిలిచే గుమ్మం దగ్గర చెవి ఒగ్గి విన్నాడు. ఎక్కడా ఒక్క మాట లేదు. పాతవి వెతికిన రోజుల్లోనే అయిపోయాయి, ఈ మధ్య ఆ అమ్మాయి అన్నవన్నీ అన్నప్పుడే వినేశాడు కదా, ఇంక ఇంట్లో ఏం మిగులుతుంది!