చాందిని మెడలో నల్లతాడు

షమ్సున్నీసా గోరువెచ్చని నీళ్లతో చాందిని పొదుగు కడిగి పీట మీద కూర్చుంది. చన్ను ముట్టుకోగానే ఆవు కాలు ఝాడించింది. పొదుగు రాయిలా గట్టిపడి కాలిపోతోంది. గిన్నెలో పడ్డవి పాలు కావు, విరిగిన ముక్కలు. వాటిలో ఎర్రని చారలు.

"రాధమ్మ కండ్లే తాకినయ్," అంది పళ్లు కొరుకుతూ.

బషీరాబాద్‌లో వాళ్లిద్దరివీ పక్కపక్క పాకలు. నిరుడు పాలకేంద్రంలో రాధమ్మ క్యాను అంచుదాకా నిండుతుంటే, చెంబెడు పాలతో వరుసలో నిలబడ్డ షమ్సున్నీసాకు కడుపు రగిలిపోయేది. రాధమ్మ తన ఆవు మెడకు గవ్వ గుచ్చిన నల్ల ఉన్నితాడు కట్టినప్పుడు ఇంకా మండింది. అది తన దిష్టి తగలకుండానేనని తెలియనంత అమాయకురాలా తను? తన మొగుడు పోయినప్పటి నుంచి పిడకలు, గడ్డిమోపులే బతుకు. తనను చూసి కుళ్లుకున్న మనిషి ఇంతవరకూ లేదు.

రాధమ్మ ఆవుకు పాలు పెంచే సూది వేయిస్తోందని ఆరా తీసి, తానూ వేయించింది. పాలు పొంగాయి. మర్నాడే తాండూరు బజారుకు పోయి అలాంటి గవ్వతాడే కొనుక్కొచ్చింది. తనకూ దిష్టి తగిలే రోజు వచ్చిందని సంబరపడుతూ చాందిని మెడకు కట్టింది. తర్వాత ఆవుకు ఎముకలు తేలినా సూది ఆపలేదు. పొదుగు వాచినా డాక్టరును పిలవలేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది.

మధ్యాహ్నం రాధమ్మ గోడ పక్కన నిలబడింది.

"షమ్సక్కా, మా ఆవుకు గిట్లనే అయింది. సూది బంద్ జేసి మందులిప్పిస్తే బతికింది. జర డాక్టర్‌ను పిలిపియ్యి."

"నా పాలు జూసి ఓర్వలేక అంటున్నవ్. పో!"

రాధమ్మ పోయి డాక్టరునే వెంటబెట్టుకొచ్చింది. ఆయన చల్లబడ్డ చెవులు పట్టి చూశాడు.

"విషం ఒళ్లంతా పాకిందమ్మా. నిన్ననన్నా చెప్తే బతుకుతుండె," అంటూనే మందు ఎక్కించాడు.

పొద్దు గుంకుతుండగా షమ్సున్నీసా ఒడిలో తల పెట్టుకుని చాందిని ప్రాణం విడిచింది.

"నేను దిష్టి పెట్టలే అక్కా," అని రాధమ్మ ఏడ్చింది. "నీ మీద నాకు ఎన్నడూ కుళ్లు లేదు."

నిజమే అయి ఉంటుంది. చాందిని పోయిన దుఃఖంలోనూ ఆ మాటే షమ్సున్నీసాకు ముల్లులా గుచ్చుకుంది. అవతలి పాకలో రాధమ్మ ఆవు మేతకోసం అరిచింది. రాధమ్మ కళ్లు తుడుచుకుని అటు పోయింది.

షమ్సున్నీసా తాడు ముడి విప్పి గుంజకు తగిలించింది. ఉన్ని ఇంకా కొత్తగానే ఉంది, గవ్వ తెల్లగా.