పలుంబో పెట్టిన పేరు

ఫిలడెల్ఫియా ట్రాఫిక్ పోలీసు ఎట్టోరే పలుంబోకి దేవుడంటే భయం, భార్య అస్సుంటా అంటే అంతకన్నా భయం. ప్రేమ మాత్రం మార్కెట్ వీధిని పన్నెండో వీధి కోసే కూడలి మీదే. పంతొమ్మిదేళ్లుగా అక్కడ తెల్ల గ్లవ్స్ తొడుక్కుని ఈల ఊదుతున్నాడు. ఏ ట్రామ్ డ్రైవరు ఇంట్లో పోట్లాడి వచ్చాడో బ్రేకు చప్పుడు విని చెప్పేస్తాడు. ఆ నాలుగు మూలలూ తాతగారి ఆస్తి అన్నట్టు ఉంటుంది ఆయన వాలకం.

అలాంటి కూడలికి ఒక్క మాట వల్ల ఎసరొచ్చింది.

ఆ మాట ఏడాది కిందట పుట్టింది. టర్కీ కోడి వండుకు తినే థాంక్స్ గివింగ్ పండగ గురువారం అవుతుందా, మర్నాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ క్రిస్మస్ బట్టలకని నగరం మీద పడతాయి. శనివారం సైన్యానికీ నౌకాదళానికీ జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్ కోసం వచ్చేవాళ్లూ ఆ శుక్రవారమే దిగుతారు. పోలీసుల్లో ఒక్కడికీ సెలవుండదు. పన్నెండు గంటలు నిలువుకాళ్ల మీద డ్యూటీ. అది చాలదన్నట్టు, శుక్రవారం నాడు కేథలిక్కులు మాంసం ముట్టకూడదు. ఇంట్లో ఐసు పెట్టెలో నిన్నటి టర్కీ కాలు నిగనిగలాడుతుంటే, పలుంబో నడివీధిలో గుడ్డూ మిరపకాయలూ పెట్టిన రొట్టె నమలాలి. పోనీ శనివారం తిందామా అంటే ఆ కాలు ఉండదు. అస్సుంటా తమ్ముడు రాల్ఫ్, శుక్రవారం పట్టింపు లేని మెథడిస్టుల పిల్లను చేసుకుని వాళ్లలో కలిసిపోయాడు. ఏటా శుక్రవారం మధ్యాహ్నమే వచ్చి, ఏ పాపభీతీ లేకుండా దాన్ని లాగించి పోతాడు.

"ఇదేం శుక్రవారం రా, బ్లాక్ ఫ్రైడే!" అని పోయినేడు హాజరు పిలిచే వేళ పలుంబో కడుపుమంట కొద్దీ అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు. వారం తిరిగేసరికి పోలీసులూ టాక్సీవాళ్లూ బస్సు డ్రైవర్లూ అందరి నోటా అదే.

ఈ ఏడు ఆ మాట హోరేస్ లాథ్రప్ చెవిన పడింది. పలుంబో కూడలిలోనే ఏడంతస్తుల దుకాణం ఉన్న పెద్దమనిషి ఆయన. కెప్టెన్ డెవెనీ పలుంబోని పిలిపించాడు.

"పండగపూట ఆ దరిద్రప్పేరేంటోయ్? జనం జడిసి రారని లాథ్రప్ గారు ఒంటికాలి మీద లేస్తున్నారు."

"రాకపోతే మనకే సుఖం కద సార్."

"నోర్ముయ్! ఇకనుంచి అది బిగ్ ఫ్రైడే. ఎవడేమడిగినా అదే చెప్పు. ఆ పాత మాట మళ్లీ నీ నోట విన్నానా, సోమవారం నుంచి బొగ్గు రేవులో డ్యూటీ. నీ ఈల వినడానికి పావురాలు తప్ప ఎవరూ ఉండరు."

పలుంబో గుండె జారిపోయింది. ఇంటికొచ్చి చెబితే అస్సుంటా ఓదార్చిందా? "ఆ నోటికి తాళమేసుకోవయ్యా. రేవు గాలికి మోకాళ్లు పట్టేస్తే నూనె రాయడానికి నేను ఖాళీగా లేను" అంది.

శుక్రవారం వచ్చింది. లాథ్రప్ 'బిగ్ ఫ్రైడేకి స్వాగతం' అని వీధికి అడ్డంగా పెద్ద గుడ్డ కట్టించాడు. కట్టినవాడెవడో గానీ బాగా కిందికి కట్టాడు. పదకొండింటికి ఒక లారీ మీద నిలబెట్టిన పియానో దాన్ని ఈడ్చుకుపోయి ట్రామ్ తీగల్లో చుట్టేసింది. ట్రాములు ఆగాయి, వాటి వెనక సగం నగరం ఆగింది. ఆ ఇరుకులో పొడవాటి కారొకటి, అందులో వాతంతో వాచిన కాలి బొటనవేలితో లాథ్రప్. తన కొత్త పేరు గురించి గొప్పగా చెప్పుకుందామని విలేకరిని దుకాణం గుమ్మం దగ్గరికి రమ్మన్నాడాయన.

"ఏయ్ పోలీసూ! ఏంటిదంతా?"

"బిగ్ ఫ్రైడే సార్."

"అది నాకూ తెలుసు. బళ్లెందుకు కదలట్లేదు?"

"మరీ బిగ్ అయిపోయింది సార్. వీధిలో పట్టట్లేదు."

"వెటకారమా?"

"ఆర్డరు సార్. ఎవరేమడిగినా అదే చెప్పమన్నారు."

లాథ్రప్ పళ్లు నూరుతూ కారు దిగి, కుంటుకుంటూ జనంలో పడ్డాడు. పది అడుగులు వేశాడో లేదో ఎదురుచూసి విసిగిన విలేకరే ఎదురొచ్చాడు. "అయ్యా, ఈ రోజు గురించి ఒక్క మాట?" అంటూ పెన్సిల్ తీశాడు. సరిగ్గా అప్పుడే ఒకావిడ, కవల పిల్లల తోపుడుబండిని ఆ వాచిన బొటనవేలి మీదుగా పోనిచ్చింది.

"బ్లాక్ ఫ్రైడే!" అని లాథ్రప్ గావుకేక పెట్టాడు. "ఇది బ్లాక్ ఫ్రైడే కాకపోతే మరేంటయ్యా!"

విలేకరి పొల్లుపోకుండా రాసుకున్నాడు. పలుంబోకి ఎగిరి గంతేయాలనిపించింది. ఈల నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాడు.

శనివారం పొద్దున పత్రిక మొదటి పేజీలోనే వచ్చింది. కెప్టెన్ దాన్ని బల్ల మీద పరిచాడు. "ఇక నిన్నేమంటాం? దుకాణం ఆయనే అన్నాడాయె. నీ కూడలి నీదే, ఫో."

పలుంబోకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆనందంగా కిందకంటా చదివాడు. 'నగరమంతా మెచ్చుకుంటున్న ఈ చమత్కారమైన పేరు పెట్టింది శ్రీ లాథ్రప్ గారే.'

"అన్యాయం సార్! ఇది నా..."

"ఆఁ? ఎవరిదీ?" కెప్టెన్ తలెత్తాడు. బొగ్గు రేవు బదిలీ కాగితం ఇంకా ఆయన మోచేతి కిందే ఉంది.

పలుంబో ఆ కాగితాన్ని చూశాడు. కిటికీలోంచి వినబడుతున్న ట్రామ్ గంట విన్నాడు. "ఏం లేదు సార్" అన్నాడు. "లాథ్రప్ గారు మంచి పేరు పెట్టారు."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింటి బల్ల దగ్గర రాల్ఫ్ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో పత్రిక, రెండో చేతిలో టర్కీ కాలు.

"రా బావా! నిన్న మీ ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాలేకపోయా. ఈ లాథ్రప్ బుర్రే బుర్ర కదూ? ఇలాంటి పేరు పెట్టాలంటే చదువుకున్నవాళ్లకే సాధ్యం. మనలాంటోళ్లకి తడుతుందా?"

పలుంబో అస్సుంటా వైపు చూశాడు. ఆమెకంతా తెలుసు. ఉప్పుడబ్బా ఆయన వైపు జరిపింది.

ఆయన టోపీ అయినా తీయలేదు. బామ్మర్ది చేతిలోంచి కాలు లాక్కుని, నిలబడే, ఎముక తేలేదాకా తిన్నాడు.