కోట బంగ్లా ముందు గుమ్మం

అమ్మ అస్థికల కుండ నా ఒళ్లో ఉంది. సుంగై సుమున్ ఊరు దాటగానే కారు నడుపుతున్న తమ్ముడు మోహన్‌రాజ్ మళ్లీ గడియారం చూశాడు.

"అక్కా, పదకొండు దాటితే నీళ్ల పోటు తగ్గిపోద్ది. అస్థికలు కలపడానికి జెట్టీ కాడ పంతులు కూకున్నాడు."

"ఐదు నిమిషాలే."

"నీ ఐదు నిమిషాలు నాకు తెలవదేటి? బళ్లో పీరియడంత."

కోట బంగ్లాను ఈరోజు కూల్చేస్తున్నారు. కమ్యూనిస్టుల తిరుగుబాటు రోజుల్లో ఎస్టేటు దొర ఇంటి చుట్టూ కందకం తవ్వించి, గోడలకు తుపాకీ కన్నాలు పెట్టించాడు. ఇప్పుడు మిగిలింది రెండు గోడలు, ముందు గుమ్మం. చిన్నప్పుడు అమ్మ అక్కడ నీళ్లు మోసింది. కూలీలు కందకం ఇవతలే చెప్పులు విడిచి వెనక దారిన వెళ్లాలి.

ఆస్పత్రిలో అమ్మ ఒక్కటే అడిగింది. "సెప్పులేసుకుని ముందు గుమ్మంలోంచి ఒక్కపాలి ఎల్లాల. తీసుకెల్తావేటి?"

బడి సెలవులు రానీ అన్నాను. సెలవులు వచ్చేసరికి అమ్మ లేదు.

మేము దిగేసరికి యంత్రం మోగుతోంది. దాన్ని నడిపే రాజన్ కిందికి వంగి అరిచాడు. "సీక్కిరం లా, అక్కా, తొందరగా! బాస్ వస్తే గోడకన్నా ముందు నన్ను కూలుస్తాడు!"

కందకం మీద వేసిన చెక్క పలక దాటి, గుమ్మంలోంచి లోపలికి నడిచాను. లోపల ఇల్లు లేదు, గడ్డే. అరికాలికి పెంకు గుచ్చుకుంది. అప్పుడు గమనించాను. నా చెప్పులు పలక అవతల ఉన్నాయి. విడవమని నాకెవరూ చెప్పలేదు.

వెనక్కి పరుగెత్తాను.

"అస్థికలట్టుకుని సెప్పులేటి అక్కా? సాంగ్యం తప్పుద్ది," అన్నాడు మోహన్‌రాజ్.

"అమ్మ ఏసుకునే ఎల్తానంది."

"పంతులుకి ఏటి సెప్తావు?"

"ఏమీ చెప్పను."

రెండు చేతుల్లో కుండ. వంగి పట్టీ పెట్టుకోవడం నాకు కుదరలేదు. యంత్రం హారన్ మోగింది. మోహన్‌రాజ్ గడియారం వైపు చూసి, మోకాళ్ల మీద కూర్చుని నా కాళ్లకు చెప్పులు తొడిగాడు.

"ఎల్లు. వచ్చినప్పుడు కూడా ముందు నుంచే రా."

అలాగే వెళ్లాను. అలాగే వచ్చాను.

కారు తలుపు వేయకముందే గోడ పడిన చప్పుడు వినిపించింది. పదకొండుకి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. మోహన్‌రాజ్ కారు వేగం పెంచాడు. నేను కుండను గట్టిగా పట్టుకున్నాను.