అన్నయ్య గీసిన దారి

ఆకాశంలో పెద్ద ఉల్క మండుతూ పోయిందంటే చాలు, మర్నాటికి ఉల్కల లెక్కలు చూసే ఆఫీసులో ఆమె బల్ల మీద సాక్ష్యాలు కుప్పపడతాయి. చూసినవాళ్ళందరికీ అది తమ పెరటి వెనకే పడి ఉంటుంది. నిజానికది వంద మైళ్ళ అవతల, మబ్బులకన్నా ఎంతో ఎత్తున ఆరిపోయి ఉంటుంది. పాపం, వాళ్ళను అని లాభం లేదు. అంత ఎత్తున దూరం కంటికి అందదు. పైగా నలుగురూ కూడి చెప్పుకుంటే చూడనిది కూడా చూసినట్టే ఉంటుంది. అందుకే ఆఫీసులో ఒక కట్టుబాటు: చూసిన మనిషి ముందు ఫారం నింపాలి, ఆ తర్వాతే నోటి మాట వినాలి. అది పెట్టింది ఆమే.

ఆ రోజు మునిమాపు వేళ అన్నయ్య ఫోన్ చేసినప్పుడూ అదే పట్టుకు కూర్చుంది. అన్నయ్య దర్జీ. దేన్నయినా చేత్తో కొలిచి చూపిస్తే గాని అతనికి తోచదు. "చెల్లాయ్, ఇప్పుడే చూశానే, ఎంత వెలుగనుకున్నావ్..." అని మొదలుపెట్టాడు. పొద్దుటినుంచీ వేరే పనుల మీద ఫోన్ల మీద ఫోన్లు వచ్చి ఆమె బుర్ర వేడెక్కి ఉంది.

"నాకేం చెప్పకు అన్నయ్యా. ముందు ఫారం నింపు, తర్వాత మాట్లాడుకుందాం" అని పెట్టేసింది.

ఆ 'తర్వాత' ఇక రానేలేదు. మూడో రోజు పొద్దున కుట్టు మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఫారం కూడా రాలేదు.

పదిహేను రోజులకు ఆమె మళ్ళీ పనిలోకి వచ్చేసరికి వీడియోలు వచ్చి ఉన్నాయి. రెండింటిలో ఉల్క స్పష్టంగా కనిపించింది; వాటితో పై అధికారి దాని దారి లెక్కగట్టేశాడు. మూడోది ఒక టైర్ల కొట్టు గుమ్మం మీది కెమెరా. అందులో వీధే తప్ప ఆకాశం లేదు, శబ్దం లేదు, గడియారమేమో నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది. పనికొచ్చేలా లేదు, ఓసారి చూసి పక్కన పెట్టమన్నాడాయన.

ఆ టైర్ల కొట్టు అన్నయ్య కొట్టుకు ఎదురుగానే ఉంటుంది.

వీడియో పెట్టింది. వీధంతా ఒక్కసారిగా పట్టపగలైంది. నీడలు గిర్రున తిరిగి మాయమయ్యాయి. మెట్టు మీద, మెడలో టేపుతో, అన్నయ్య. తలెత్తి అలాగే ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి చెవికి ఆనించాడు. నవ్వుతున్నాడు. ఆమె లెక్కపెట్టింది, తొమ్మిది సెకన్లు. ఫోన్ దించి, ఒక క్షణం దానివంక చూసి, జేబులో పెట్టుకున్నాడు.

వీడియో అక్కడితో అయిపోయినా బాగుండేది. కానీ అతను లోపలికి పోలేదు. ఎవరూ లేని వీధిలో నిలబడి, చెయ్యి చాపి, ఇక్కణ్ణుంచి ఇదిగో ఇక్కడిదాకా అన్నట్టు మెల్లగా ఆకాశంలో గీశాడు. మళ్ళీ ఒకసారి గీశాడు. ఎందుకో ఆమెకు తెలుసు. బట్ట కత్తిరించే ముందు కూడా కొలత మర్చిపోకుండా ఇలాగే గాలిలో గీసుకునేవాడు. ఆమెకు దుఃఖం ఆగలేదు.

ఏడుపు తీరాక కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. గుమ్మం ఎత్తూ కెమెరా కోణమూ తీసుకుని ఆ చేతి దారిని కొలిచింది. పై అధికారి లెక్కకూ దానికీ తేడా రెండే డిగ్రీలు. పదేళ్ళలో ఏ సాక్షీ ఇంత సరిగ్గా చెప్పలేదు.

అన్నయ్య పేర ఫారం తెరిచి దిక్కు, ఎత్తు, వెలుగు అన్నీ నింపింది. అడుగున ఒక గడి ఉంది: సాక్షి నోటి మాట విన్నవారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. పై అధికారి వెనక నుంచి చూసి, ఎవరూ లేకపోతే ఖాళీగా వదిలెయ్యమన్నాడు.

"ఖాళీ కాదండీ" అంది. "నాకే చెప్పబోయాడు. నేనే వినలేదు."

ఆ గడిలో అదే రాసింది.