రంగు కింద నూక

కంకిపాడు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో నేను వడ్రంగిని, పేరు జక్కయ్య. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. 2006లో దసరాకి నెల ముందు, ఆఖరి సంవత్సరం చదివే సింధూరి అట్టముక్కలు కత్తిరించి తెచ్చి, వాటి కొలతకి విమానం మోడల్ చెక్కిపెట్టమంది. అందులో ఒళ్ళు ఎక్కడ ఆగి రెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియదు. అంతా ఒకటే పలక, బందరు రేవులో దొరికే, ఒళ్ళంతా రెక్కలా పరుచుకుని ఉండే టేకు చేపలా.

"దీనికి ముఖం ఎక్కడమ్మా?" అని అడిగాను.

"లేదు బాబాయ్. మొత్తం రెక్కే. తక్కువ ఆయిల్‌తో ఎక్కువ దూరం పోతుందంటున్నారు. మన విండ్ టన్నెల్‌లో పెట్టి చూద్దాం."

విండ్ టన్నెల్ అంటే ఒక పెద్ద గొట్టం. ఒక చివర ఫ్యాను, మధ్యలో అద్దం కిటికీ. మోడల్‌ను లోపల కడ్డీకి బిగించి గాలి వదులుతారు. మోడల్ మీద పొట్టి దారపు పోగులు అంటిస్తారు. గాలి సాఫీగా పోతే అవి ఒంటికి అంటుకుని ఉంటాయి. గాలి చెదిరితే కొట్టుకుంటాయి.

ఇరవై రోజులు చెక్కాను. అట్ట ఆనిస్తే సందులోంచి వెలుతురు రానంతగా నున్న చేశాను. ఆయుధపూజ నాడు డ్రిల్లుకీ, చెక్క బిగించే వైసుకీ పసుపు కుంకుమ పెట్టి, దీనికీ పెట్టాలనుకున్నాను. మా హెడ్డు వెంకటకృష్ణారావు గారికి మోడల్ మీద వేలిముద్ర పడినా గిట్టదు. అందుకని కనబడకుండా పెట్టాను. నుదురు లేని దానికి బొట్టు ఎక్కడ? వైసులో పైకి ఉన్నది ఎడమ రెక్క ముందంచు. దానికి పసుపు అద్ది, దుర్గమ్మ గుడి అక్షింతల్లోంచి ఒక నూక అంటించాను. దానిమీద పల్చగా లప్పం, ఆపైన నల్లరంగు. కంటికి ఆనని చిన్న బొడిపె మాత్రం మిగిలింది. అమ్మవారు లోపల ఉంటే మంచిదే కదా అనుకున్నాను.

సెలవులయ్యాక గాలి వదిలారు. మోడల్ ముందుభాగాన్ని కొంచెం కొంచెంగా పైకి లేపుతుంటే, ఒక ఎత్తుకి వచ్చేసరికి ఎడమ రెక్క పోగులు కొట్టుకోసాగాయి. కుడివైపువి కదల్లేదు. కొట్టుకునే పోగులు సరిగ్గా నా నూక వెనకాలే ఉన్నాయి. నాకు అప్పుడే తెలిసిపోయింది.

వెంకటకృష్ణారావు గారు అద్దంలోంచి చూసి, "జక్కయ్య చెయ్యి తప్పదు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా. నీ అట్టలే తేడా అమ్మా. ముగ్గు గీసినట్టు గీస్తే విమానాలు ఎగరవు," అన్నారు.

"బెంగుళూరు పోటీకి పేపర్ పంపడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి సార్."

"అయితే తొమ్మిది రోజులూ అట్టలు కొలుచుకో."

ఆ పిల్ల నా ముక్కాలి పీట మీదే కూర్చుని కొలిచింది. ఒకసారి కొలిచింది మళ్ళీ కొలిచేది. నేను టీ తెచ్చి ఇచ్చేవాణ్ణి. నాలుగో రోజున తల ఎత్తకుండానే, "బాబాయ్, చెక్కేటప్పుడు మీకేమన్నా తేడా కనబడిందా?" అని అడిగింది.

"అంతా పైవాడి దయమ్మా," అన్నాను.

దేవుణ్ణి నేను అబద్ధానికి అడ్డం పెట్టుకున్నది ఆ ఒక్కసారే. కానీ ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే, అంతకుముందు ఎన్నిసార్లు పెట్టుకున్నానో నాకే తెలియదేమో అనిపిస్తుంది.

గడువు దాటిన సాయంత్రం అన్నం సహించలేదు. మా ఆవిడ మాణిక్యమ్మ అడిగితే చెప్పాను.

"అమ్మవారి అక్షింత చెరుపు చేస్తుందా మాణిక్యం?"

"అంటించింది మీరు, దాచింది మీరు. మధ్యలో ఆవిడేం చేసిందండీ? రంగు కింద కూర్చోబెట్టమని ఆవిడ అడిగిందా?" అని మజ్జిగ పోసి లోపలికి పోయింది.

మర్నాడు సింధూరి ఎదుట ఉలితో రంగు గీకాను. పసుపు బయటపడింది, దాని మధ్యలో నూక.

ఆమె నూకని గోటితో తాకింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మొదటిరోజు నుంచీ."

"నేను అడిగినప్పుడు కూడానా?"

తల ఊపాను. తిడితే బాగుండును. తిట్టలేదు. "సార్‌తో మీరే చెప్పండి," అంది.

చెప్పాను. ఆయన ముందు నవ్వారు. "నూకగింజకి అంత బలమా జక్కయ్యా?" అని ఆమె ముఖం చూసి నవ్వు ఆపారు. "ముగ్గులన్నాను కదమ్మా నిన్ను," అన్నారు మెల్లగా. ఆ మాట ఆయన నోటివెంట వస్తుంటే నేను నేల చూశాను. గడువు సంగతి ఆయన చేతిలో లేదు. మధ్యాహ్నం మళ్ళీ గాలి వదులుదామన్నారు.

వర్క్‌షాపుకి వచ్చి, గీకిన చోటు నున్న చేద్దామని ఉప్పుకాగితం తీశాను.

"ఇటివ్వండి జక్కయ్య గారూ, నేను రుద్దుకుంటాను," అంది సింధూరి.

అంతకుముందు ఎన్నడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. కాగితం ఇచ్చేసి పక్కన నిలబడ్డాను. ఎడమ అంచు రుద్దాక ఆమె కుడి అంచు మీద కూడా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, వేలితో తడిమి చూసుకుంది.