పిగిలిపిట్టలకు దిష్టి

దర్శి పక్క పల్లెలో పిచ్చమ్మ ఇంటి వసారాలో, పాత బల్బు హోల్డరు మీద ఒక పిగిలిపిట్ట గూడు కట్టి మూడు పిల్లల్ని చేసింది. ఇంటర్ చదివే మనవరాలు తేజశ్రీ స్టూలెక్కి, నోళ్లు తెరిచిన ఆ పిల్లల్ని ఫోనులో ఫొటో తీసి స్టేటస్ పెట్టింది.

“రెండొందల మంది చూశారు నాయనమ్మా!”

“అన్ని కళ్లు పడితే ఇంకేమన్నా ఉందటే? పసిగుడ్లు కదే అవి!”

మర్నాడు పొద్దున ఒక పిల్ల తల వాల్చేసింది. మనవరాలు కాలేజీకి వెళ్లగానే పిచ్చమ్మ కల్లంలో ఎండిన మిరపకాయలు గుప్పెడు తెచ్చి, గూటికి మూడుసార్లు దిగదుడిచి, ఆ కిందే కుంపట్లో పడేసింది. దిష్టి తగిలి ఉంటే ఎన్ని కాల్చినా ఘాటు రాదు. ఘాటు గుప్పుమంది. దిష్టి లేదన్న సంబరంతో ఆమె దగ్గుకుంటూ పెరట్లోకి పరిగెత్తింది. పురుగును కరుచుకొచ్చిన తల్లిపిట్ట పొగలోకి రాలేక తీగ మీదే అరుస్తోంది. అప్పుడు తెలిసొచ్చింది పిచ్చమ్మకు. కుంపట్లో బిందెడు నీళ్లు కుమ్మరించి గూట్లోకి చూసేసరికి మూడు తలలూ వాలిపోయి ఉన్నాయి.

సాయంత్రం సంగతంతా విన్న తేజశ్రీ స్టూలెక్కి గూట్లోకి చూసి దిగింది.

“తిట్టవే నన్ను,” అంది పిచ్చమ్మ.

“నువ్వేం చేస్తావులే నాయనమ్మా. నేను ఫొటో పెట్టినందుకే దిష్టి తగిలుంటది.”

పిచ్చమ్మ తల అడ్డంగా ఊపింది.

“లేదమ్మా. అంత ఘాటొచ్చిందంటే వాటి మీద ఎవరి దిష్టీ లేదు.”